పాత అమిగాని నెట్‌కి కలపాలా? ఏ సాఫ్ట్‌వేర్ వేసుకోవాలో ఇలా తేల్చుకోండి

అటక మీంచి పాత అమిగా కంప్యూటర్ దించారు, దుమ్ము దులిపారు, స్విచ్ వేశారు. దాని డెస్క్‌టాప్ అయిన వర్క్‌బెంచ్ తెర వచ్చింది. నాలుగు రోజులు పాత ఆటలు ఆడాక ఎవరికైనా వచ్చే ఆలోచనే మీకూ వచ్చింది: దీన్ని నెట్‌కి కలపొచ్చా?

కలపొచ్చు. తయారుచేసిన కమడోర్ కంపెనీ 1994లోనే దివాలా తీసినా, ఆ మెషీన్ల కోసం డ్రైవర్లు రాసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. చిక్కల్లా ఒకటే. మనకి ఇవాళ అలవాటైన కంప్యూటర్లలాగా అమిగాలో నెట్‌వర్కింగ్ పుట్టుకతో రాలేదు. టీసీపీ/ఐపీ అనే భాషని దానికి మనమే తెచ్చి నేర్పాలి. ఆ పని చేసే సాఫ్ట్‌వేర్‌నే అందరూ 'స్టాక్' అంటారు. అమిటీసీపీ, మియామీ, జెనిసిస్, రోడ్‌షో అని పేర్లు వినిపిస్తాయి. ఏది మంచిదని పది మందిని అడిగితే పది జవాబులు వస్తాయి.

నేను కూడా ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టి మూడు వారాంతాలు పోగొట్టుకున్నాను. తర్వాత తెలిసింది, స్టాక్ అనేది అన్నిటికంటే చివర తేల్చుకోవాల్సిన సంగతి అని. మీకు కావలసిన పని ఏంటి, మెషీన్ ఏంటి, తీగ ఎటు నుంచి వస్తుంది అన్నవి తేలితే స్టాక్ పేరు దానంతటదే బయటికొస్తుంది.

మొదటి అడుగు: అసలు మీకు స్టాక్ కావాలా?

ఇది ఎవరూ చెప్పరు గానీ, చాలామందికి అక్కర్లేదు. పాత బులెటిన్ బోర్డుల్లోకి వెళ్ళి కబుర్లు చదువుకోవాలి, అంతే అనుకుంటే సీరియల్ పోర్టుకి తగిలించే వైఫై మోడెమ్ చాలు. చిన్న ఈఎస్‌పీ8266 చిప్ మీద నడిచే ఈ డబ్బా అమిగా కంటికి అచ్చం పాతకాలపు టెలిఫోన్ మోడెమ్‌లా కనిపిస్తుంది. మీరు ఏటీడీటీ అని డయల్ చేసే కమాండ్ కొట్టి, ఫోన్ నంబర్ బదులు బోర్డు చిరునామా, పోర్ట్ నంబర్ ఇస్తారు. టీసీపీ పనంతా ఆ డబ్బాలోనే అయిపోతుంది. అమిగాలో ఎన్‌కామ్ లాంటి టెర్మినల్ ప్రోగ్రామ్ ఒక్కటి ఉంటే సరిపోతుంది. 7 మెగాహెర్ట్జ్ ఏ500 మోడల్ అమిగా వాడేవాళ్ళకి నా సలహా ఇదే. ఒక్క మాట: ఆ మెషీన్‌లో సీరియల్ పోర్టుని చూసుకునే పౌలా చిప్‌కి లోపలికి వచ్చే అక్షరాలని దాచిపెట్టుకునే వరస లేదు. ప్రాసెసర్ వచ్చి తీసుకునేలోపు ఇంకో అక్షరం వస్తే ముందుది గల్లంతే. అందుకని స్పీడ్ 9600తో మొదలుపెట్టి, అక్షరాలు ఎగిరిపోనంత వరకు పెంచుకుంటూ వెళ్ళండి.

మెషీన్ లేకుండా పీసీ మీద విన్‌యూఏఈ ఎమ్యులేటర్‌లో అమిగా నడిపేవాళ్ళకీ స్టాక్ అక్కర్లేదు. సెట్టింగ్స్‌లో బీఎస్‌డీసాకెట్ అనే గడిలో టిక్ పెడితే పీసీ నెట్‌నే అది వాడుకుంటుంది.

బ్రౌజర్, మెయిల్, ఫైళ్ళు దించుకునే ఎఫ్‌టీపీ, కబుర్లాడే ఐఆర్‌సీ, ఇంట్లో కంప్యూటర్ల మధ్య ఫైళ్ళు పంపుకోవడం, ఇవి కావాలంటే మాత్రం స్టాక్ తప్పదు. ముందుకు వెళ్దాం.

రెండో అడుగు: మీ మెషీన్ ఏం మోయగలదో చూడండి

కమాండ్లు టైప్ చేసే కిటికీ, అంటే షెల్ తెరిచి 'వెర్షన్' అని కొట్టండి. రోమ్ చిప్‌లో ఉండే సిస్టమ్ భాగం, కిక్‌స్టార్ట్ నంబర్ వస్తుంది. 34తో మొదలైతే మీది 1.3, 37 అంటే 2.04 నాటిది, 39 అంటే 3.0, 40 అంటే 3.1. 1.3 దగ్గరే ఉన్నవాళ్ళు స్టాక్ సంగతి మర్చిపోయి, ముందు కొత్త రామ్ చిప్ కాదు, కొత్త రోమ్ చిప్ వేయించుకోండి. (ఈ రెండు మాటలూ కలిపేసుకుని మెమరీ కొనుక్కొచ్చినవాళ్ళు ఉన్నారు.) తర్వాత 'అవైల్' అని కొట్టండి. బొమ్మల, శబ్దాల చిప్‌లతో పంచుకునే చిప్ మెమరీ ఎంత, ప్రాసెసర్ ఒక్కటే వాడుకునే ఫాస్ట్ మెమరీ ఎంత అని విడివిడిగా చూపిస్తుంది. ఫాస్ట్ అన్న వరసలో సున్నా ఉంటే స్టాక్ లేస్తుంది గానీ, దాని మీద బ్రౌజర్ తెరవడం మాత్రం కష్టం. 1992లో వచ్చిన ఏ1200 పెట్టెలోంచి తీసినప్పుడు 2 ఎంబీ చిప్ మెమరీ, 14 మెగాహెర్ట్జ్ 68020 ప్రాసెసర్. దానికి కనీసం 4 ఎంబీ ఫాస్ట్ మెమరీ తగిలిస్తే గాని నెట్ సరదా మొదలవదు.

మూడో అడుగు: తీగ ఎటు నుంచి?

అసలు కథంతా ఇక్కడే ఉంది, కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

అమిగాలో నెట్‌వర్క్ కార్డుకీ స్టాక్‌కీ మధ్య సానా-2 అనే ఒప్పందం ఉంది. కమడోర్ పెట్టిన ప్రమాణం అది. కార్డు తయారుచేసినవాళ్ళు సానా-2 డ్రైవర్ ఒకటి రాస్తే చాలు, ఏ స్టాక్ అయినా దాంతో మాట్లాడుతుంది. అవతలి వైపు, బ్రౌజర్ లాంటి ప్రోగ్రాములన్నీ బీఎస్‌డీసాకెట్ లైబ్రరీ అనే ఒకే తలుపు తడతాయి. ఆ తలుపు తీసేది ఏ స్టాక్ అన్నది వాటికి అనవసరం. అంటే స్టాక్ అనేది రెండు ప్రమాణాల మధ్య ఇరుక్కున్న ముక్క. నచ్చకపోతే పీకేసి ఇంకొకటి పెట్టుకోవచ్చు, కార్డు మారదు, ప్రోగ్రాములు మారవు. అందుకే దాని గురించి అంత టెన్షన్ పడొద్దని చెప్పేది. కార్డు తప్పుగా కొంటే మాత్రం డబ్బులు పోయినట్టే.

ఏ600, ఏ1200 ఉన్నవాళ్ళు అదృష్టవంతులు. ఎడమ పక్కన పీసీఎంసీఐఏ స్లాట్ ఉంది. పాత లాప్‌టాప్‌ల ఈథర్‌నెట్ కార్డు దాంట్లో దూరుతుంది. కొనేటప్పుడు చూడాల్సింది ఒక్కటే: 16-బిట్ కార్డా, 32-బిట్ కార్డ్‌బస్ రకమా అని. కార్డ్‌బస్ కార్డుకి కనెక్టర్ దగ్గర పైన చిన్న చిన్న బుడిపెలున్న బంగారు రంగు పట్టీ ఉంటుంది. ఆ పట్టీ కనబడితే వదిలేయండి, అది అమిగాకి పనికిరాదు. ఎన్‌ఈ2000 రకం కార్డులు చాలావాటికి సీనెట్ డ్రైవర్ సరిపోతుంది. దాని తోడుగా వచ్చే పత్రంలో పనిచేసిన కార్డుల జాబితా ఉంటుంది. కొనకముందు ఆ జాబితా చూసుకోండి.

ఇక ఆ స్లాట్‌తో వచ్చే రెండు తలనొప్పులు.

ఒకటి మెమరీది. నా మూడు వారాంతాల్లో రెండు తినేసింది ఇదే. ఏ1200 అడుగున 8 ఎంబీ మెమరీ బోర్డు ఉంది, పక్కన కార్డు పెట్టాను. డ్రైవర్ ఎన్నిసార్లు మార్చినా కార్డు లేదంటుంది. కార్డు పోయిందనుకుని ఇంకొకటి తెచ్చాను. అదీ అంతే. చివరికి మెమరీ బోర్డు బయటికి తీసి చూస్తే, మూలన చిన్న జంపర్, పక్కన 4, 8 అని రాసి ఉంది. విషయం ఏంటంటే, ఆ రకం బోర్డు 8 ఎంబీ మొత్తాన్నీ పరిచేస్తే, పై 4 ఎంబీ సరిగ్గా పీసీఎంసీఐఏ స్లాట్ కూర్చోవాల్సిన అడ్రస్‌ల మీదే పడుతుంది. ఇద్దరికీ ఒకే కుర్చీ. జంపర్ 4 మీదకి మార్చగానే మొదటి కార్డే పలికింది. 68030 లాంటి ప్రాసెసర్ ఉండి మెమరీని దూరంగా 32-బిట్ పరిధిలో పెట్టుకునే బోర్డులకి ఈ బాధ లేదు.

రెండోది రీసెట్ గొడవ. కంట్రోల్, రెండు అమిగా కీలు కలిపి నొక్కి రీబూట్ చేస్తే అమిగా లేస్తుంది గానీ కార్డు లేవకపోవచ్చు. నిన్న రాత్రి పనిచేసిన నెట్ ఇవాళ రీసెట్ తర్వాత పనిచేయలేదంటే సాఫ్ట్‌వేర్‌ని తిట్టకండి. పవర్ ఆపి పది సెకన్లాగి మళ్ళీ వేయండి. దీనికి కార్డ్‌రీసెట్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంది. బోర్డు మీద చేసే హార్డ్‌వేర్ మరమ్మతు కూడా ఉంది.

వైఫై కార్డులా? ప్రిజమ్2 చిప్ ఉన్న పాత కార్డులకి డ్రైవర్ ఉంది, నడుస్తాయి. కానీ అవి 802.11బీ కాలం నాటివి. ఇప్పటి రూటర్లలో ఆ పాత రకాన్ని ఆపేసి, కొత్త భద్రతా పద్ధతులు మాత్రమే ఉంచేవి చాలా ఉన్నాయి. అమిగా కోసం ఇంటి వైఫైని బలహీనం చేసుకోవడం నాకు నచ్చదు. దానికన్నా ఇంటి వైఫైకి తానే కలిసే క్లయింట్ మోడ్ ఉన్న చిన్న ట్రావెల్ రూటర్ ఒకటి అమిగా వెనక పెట్టి, అక్కడి నుంచి ఈథర్‌నెట్ తీగ ఇవ్వండి. వైఫై బాధలన్నీ రూటర్ పడుతుంది, అమిగా తీగనే చూస్తుంది.

పీసీఎంసీఐఏ లేని ఏ500 లాంటివాటికి ప్లిప్‌బాక్స్ ఉంది. ప్రింటర్ తగిలించే పారలల్ పోర్టుకి పెట్టి, రెండో వైపు ఈథర్‌నెట్ తీగ గుచ్చుతారు. వేగం గొప్పగా ఉండదు, పని మాత్రం జరుగుతుంది. పెద్ద డబ్బాలు, అంటే ఏ2000, ఏ3000, ఏ4000లలో లోపల కార్డులు గుచ్చే జోరో స్లాట్లున్నాయి. ఎక్స్-సర్ఫ్ 100 లాంటి కార్డు పెడితే సరి. అమిగా ప్రాసెసర్ బదులు రాస్‌ప్బెర్రీ పైని పెట్టే పైస్టార్మ్ బోర్డు మీద ఎమ్యు68 అనే ఎమ్యులేటర్ నడిపేవాళ్ళకి రాస్‌ప్బెర్రీ పై వైఫైనే వాడుకునే వైఫైపై అనే డ్రైవర్ ఉంది.

నాలుగో అడుగు: ఇప్పుడు స్టాక్

ఉచితంగా కావాలి, మెమరీ తక్కువ ఉంది, టెక్స్ట్ ఫైళ్ళు చేత్తో రాసుకోవడానికి భయం లేదు అనుకుంటే అమిటీసీపీ 3.0బీ2. ఫిన్లండ్‌లో పుట్టింది, బీఎస్‌డీ యూనిక్స్ నెట్‌వర్క్ కోడ్ మీద కట్టారు, సోర్స్ కోడ్‌తో సహా దొరుకుతుంది. ఇందాక చెప్పిన బీఎస్‌డీసాకెట్ తలుపు వీళ్ళు పెట్టిందే. తర్వాత వచ్చినవాళ్ళంతా దాన్నే పాటించారు. దీని లోటు, రూటర్ నుంచి తనంతట తాను అడ్రస్ అడిగి తెచ్చుకోదు (ఆ పద్ధతినే డీహెచ్‌సీపీ అంటారు). మీరే ఒక అడ్రస్ కేటాయించాలి. నిజం చెప్పాలంటే ఇంట్లో వాడే మెషీన్‌కి అదేం పెద్ద కష్టం కాదు. దీని తర్వాతి 4వ వెర్షన్ అమ్మకానికి వచ్చింది.

మియామీ కథ వేరు. ఫోన్ లైన్ల మీద నెట్ వాడిన రోజుల్లో దీన్ని పొగడని అమిగా వాడకందారు లేడు. ఫైళ్ళ జోలికి వెళ్ళకుండా బటన్లు నొక్కి అంతా సెట్ చేసుకోవచ్చు, డీహెచ్‌సీపీ కూడా వచ్చు. కానీ ఇది షేర్‌వేర్. కీ ఫైల్ లేకుండా వాడితే మధ్యలో లైన్ తెంపేస్తుంది. ఇవాళ కొత్తగా కీ కొనే దారి లేదు. మీ పాత ఫ్లాపీల్లో ఎక్కడో మీ పేరుతో కొన్న కీ ఉంటే వెతికి తీసి హాయిగా వాడుకోండి. లేకపోతే దీనితో కొత్తగా మొదలుపెట్టొద్దు.

జెనిసిస్ అంటే అమిటీసీపీకి కిటికీలు, బటన్లు తొడిగిన రూపం. 2000లో వచ్చిన అమిగాఓఎస్ 3.9 సీడీలో ఉంది. ఆ సీడీ ఉన్నవాళ్ళు ఇంకేం వెతక్కుండా అదే వేసుకోవచ్చు. కమడోర్ సొంతంగా చేసిన ఏఎస్225 కూడా ఎక్కడైనా కనబడొచ్చు. దాని తలుపు వేరు, సాకెట్ లైబ్రరీ అనే ఇంకో పేరుతో ఉంటుంది. మిగతా ప్రోగ్రాములు దాన్ని తట్టవు. దాచుకోవడానికి బాగుంటుంది, వాడుకోవడానికి కాదు.

రోడ్‌షో ఒక్కటే ఇప్పటికీ అమ్ముతూ, చూసుకుంటూ ఉన్న స్టాక్. అమిగాఓఎస్ 4లో ఉన్నదీ ఇదే. డబ్బులు పెట్టాలి. కొంతసేపు పనిచేసి ఆగిపోయే డెమో ఉంది. మీ కార్డుతో పడుతుందో లేదో చూసుకోవడానికి అది చాలు. కాన్ఫిగరేషన్ మూడు నాలుగు వరసల్లో అయిపోతుంది. ఏ1200, ఫాస్ట్ మెమరీ, ఈథర్‌నెట్ కార్డు ఉన్న ఎవరికైనా నేను చెప్పేది ముందు డెమో వేసి, నడిస్తే కొనేయమనే. పైసా పెట్టకూడదనుకుంటే అమిటీసీపీ. ఈ రెండూ దాటి వెతకాల్సిన పని చాలామందికి రాదు.

ఐదో అడుగు: ఫైళ్ళు లోపలికి చేర్చడం

నెట్ కావాలంటే స్టాక్ కావాలి, స్టాక్ దించుకోవాలంటే నెట్ కావాలి. కోడి ముందా గుడ్డు ముందా వ్యవహారం. పీసీ ఫ్లాపీ డ్రైవ్ 880 కేబీ అమిగా డిస్కుల్ని చదవలేదు. కానీ వర్క్‌బెంచ్ 2.1 నుంచి పీసీ డిస్కులు చదివే క్రాస్‌డాస్ ఉంది కాబట్టి, అమిగా 720 కేబీ పీసీ డిస్కుని చదవగలదు. మీ హార్డ్ డిస్క్ కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు అయితే ఇంకా సులువు: దాన్ని తీసి పీసీకి పెట్టి, విన్‌యూఏఈని అడ్మినిస్ట్రేటర్‌గా నడిపి, ఆ కార్డునే డ్రైవ్‌గా తగిలించి ఎమ్యులేటర్ లోపల ఇన్‌స్టాల్ చేసేయండి. విండోస్ ఆ కార్డుని చూసి "ఫార్మాట్ చేయమంటారా?" అని అడుగుతుంది. వద్దు అనండి. కంగారులో ఎస్ కొట్టారంటే మీ వర్క్‌బెంచ్ పోయినట్టే.

స్టాక్, సానా-2 డ్రైవర్ రెండూ అమినెట్‌లో వెతకండి. 1992 నుంచి నడుస్తున్న అమిగా సాఫ్ట్‌వేర్ గోదాము అది. రోడ్‌షో పూర్తి వెర్షన్ మాత్రం కొన్నచోటే దొరుకుతుంది. ఫైళ్ళు ఎల్‌హెచ్‌ఏ మూటల్లో ఉంటాయి, వాటిని పీసీలో విప్పకండి, అమిగాలోనే విప్పండి. ఫైళ్ళకి ఉండే అమిగా గుర్తులు పీసీలో చెరిగిపోయి, స్క్రిప్టులు తర్వాత మొరాయిస్తాయి. ఏం మొదలుపెట్టే ముందైనా ఎస్ డ్రాయర్‌లోని (అమిగాలో ఫోల్డర్‌ని డ్రాయర్ అంటారు) యూజర్-స్టార్టప్ ఫైల్‌కి, అంటే స్విచ్ వేయగానే నడిచే కమాండ్ల ఫైల్‌కి ఒక కాపీ తీసి పెట్టుకోండి.

ఆరో అడుగు: సెట్ చేసి, వరసగా పరీక్షించండి

డ్రైవర్ ఫైల్‌ని డెవ్స్ లోపలి నెట్‌వర్క్స్ డ్రాయర్‌లో పెట్టండి. ఏ స్టాక్‌కైనా ఇది మొదటి పని.

రోడ్‌షోలో డెవ్స్ లోపల నెట్‌ఇంటర్‌ఫేసెస్ అని డ్రాయర్ ఉంటుంది. అందులో మీ కార్డు పేరుతో చిన్న టెక్స్ట్ ఫైల్ ఉండాలి. వాడని నమూనాలన్నీ స్టోరేజ్ డ్రాయర్‌లో ఉంటాయి, మీకు కావలసింది అక్కడి నుంచి లాగి ఇక్కడ వేయండి. ఫైల్ తెరిచి చూస్తే 'డివైస్' అన్న వరసలో డ్రైవర్ పేరు, 'కాన్ఫిగర్' అన్న వరసలో డీహెచ్‌సీపీ. అంతే. రీబూట్ చేసి 'షోనెట్‌స్టేటస్' కమాండ్ కొడితే రూటర్ ఇచ్చిన అడ్రస్ కనిపిస్తుంది.

అమిటీసీపీలో డీబీ డ్రాయర్‌లోని రెండు ఫైళ్ళు, బిన్ డ్రాయర్‌లోని స్టార్ట్‌నెట్ స్క్రిప్ట్ సరిచూసుకోవాలి. ఇంటర్‌ఫేసెస్ ఫైల్‌లో డ్రైవర్ దారి. నెట్‌డీబీ-మైహోస్ట్ ఫైల్‌లో మీ అమిగా పేరు, సైట్ల పేర్లని అడ్రస్‌లుగా మార్చే నేమ్‌సర్వర్. స్టార్ట్‌నెట్‌లో అడ్రస్, బయటికి దారి చూపే గేట్‌వే (మామూలుగా మీ రూటరే). రూటర్ 192.168.1.1 అయితే అమిగాకి 192.168.1.200 లాంటిది ఇవ్వండి. రూటర్ తనంతట తాను పంచిపెట్టే వరసలో లేని నంబర్ అయ్యేలా చూసుకోండి. లేకపోతే ఏదో ఒక రోజు ఇంట్లోని ఫోన్‌కీ అమిగాకీ ఒకే అడ్రస్ పడి, రెండూ నెట్ లేదని ఏడుస్తాయి.

తర్వాత బ్రౌజర్ తెరవకండి. షెల్‌లో పింగ్ చేయండి, అంటే ఒక్కో అడ్రస్‌ని పిలిచి పలుకుతుందో లేదో చూడండి, దగ్గర నుంచి దూరానికి. ముందు 127.0.0.1, అంటే మెషీన్ తనని తాను పిలుచుకోవడం. ఇది పలకలేదంటే స్టాకే లేవలేదు. తర్వాత అమిగా సొంత అడ్రస్. తర్వాత రూటర్. రూటర్ పలకలేదంటే తప్పు కార్డు, డ్రైవర్, తీగల్లో ఉంది. కార్డు మీద లైటు వెలుగుతోందా చూడండి. రూటర్ దాటి 8.8.8.8 పలకలేదంటే గేట్‌వే తప్పు. అదీ పలికి, అమినెట్ పేరుతో చేస్తే మాత్రం పలకలేదంటే నేమ్‌సర్వర్ వరస చూసుకోండి. నాకోసారి ఇలాగే అన్నీ పలికి పేర్లు మాత్రం పలకలేదు. గంటన్నర కూర్చున్నాక కనబడింది: 192.168.1.1 బదులు 192.168.11 అని ఒక చుక్క మింగేశాను.

స్టాక్ మార్చేవాళ్ళకి ఒక ఉచ్చు ఉంది. రోడ్‌షో తన బీఎస్‌డీసాకెట్ లైబ్రరీని డిస్కు మీద లిబ్స్ డ్రాయర్‌లో పెడుతుంది. అమిటీసీపీ అయితే నడుస్తున్నప్పుడు మెమరీలోనే ఆ లైబ్రరీని పుట్టిస్తుంది. రోడ్‌షో తీసేశాననుకుని అమిటీసీపీ నడిపితే, లిబ్స్‌లో మిగిలిపోయిన ఫైల్ ముందు లేచి కూర్చుంటుంది. ఆ ఫైల్ పేరు మార్చి, యూజర్-స్టార్టప్‌లో పాత స్టాక్ వరసలు తీసేసి, రీబూట్ చేశాకే కొత్తది నడపండి. విన్‌యూఏఈలో రోడ్‌షో పరీక్షించేవాళ్ళు ఇందాకటి బీఎస్‌డీసాకెట్ టిక్ తీసేయాలి, కారణం ఇదే.

ఏడో అడుగు: కలిశాక

ఐబ్రౌజ్ లాంటి బ్రౌజర్‌తో ఇప్పటి సైట్లకి వెళ్ళాలంటే సురక్షిత కనెక్షన్లు చూసుకునే అమిఎస్‌ఎస్‌ఎల్ కావాలి. దానికి 68020 ప్రాసెసర్, 3.0 సిస్టమ్ కనీసం ఉండాలి. 14 మెగాహెర్ట్జ్ మీద ఒక్కో సురక్షిత కనెక్షన్ తెరుచుకోవడానికి సెకన్లు లెక్కపెట్టుకోవాలి, అది మామూలే. కనెక్షన్ అసలు తెరుచుకోకుండా సర్టిఫికెట్ తప్పని అంటే ముందు గడియారం చూడండి. ఏ1200 మామూలుగా బ్యాటరీ గడియారం లేకుండా వచ్చింది కాబట్టి, స్విచ్ వేసినప్పుడు అది దశాబ్దాల వెనక ఉండొచ్చు. ఆ తేదీకి ఇవాళ్టి సర్టిఫికెట్లు ఇంకా పుట్టనే లేదు. నెట్ నుంచి టైమ్ తెచ్చి పెట్టే చిన్న ప్రోగ్రామ్ ఒకటి అమినెట్ నుంచి దించి, స్టాక్ లేచాక నడిచేలా స్టార్టప్‌లో పెట్టండి. బ్యాటరీ ఉన్న ఏ2000, ఏ4000 వాళ్ళు మాత్రం ఇవాళే మూత తీసి ఆ బ్యాటరీ కారుతోందేమో చూసుకోండి. కారితే బోర్డుని తినేస్తుంది.

ఎఫ్‌టీపీలో, పాత మెయిల్ పద్ధతుల్లో పాస్‌వర్డ్ తీగ మీద ఉన్నదున్నట్టు వెళ్తుంది. అమిగా కోసం వేరే పాస్‌వర్డ్ పెట్టుకోండి, బ్యాంకు పాస్‌వర్డ్ దాని దరిదాపులకి రానివ్వకండి. రూటర్‌లో అమిగా వైపుకి పోర్టులేవీ తెరవొద్దు. ఇక మొదటి పనిగా అమినెట్ నుంచి ఏదైనా చిన్న ఎల్‌హెచ్‌ఏ ఫైల్ దించి, ర్యామ్ డిస్కులో విప్పి చూడండి. అది సరిగ్గా విప్పుకుందంటే మీ కార్డు, డ్రైవర్, స్టాక్ మూడూ బాగున్నట్టే. విప్పేటప్పుడు సీఆర్‌సీ తప్పని, అంటే ఫైల్ దారిలో చెడిందని వస్తే మళ్ళీ మూడో అడుగుకి వెళ్ళి కార్డు, మెమరీ సంగతి చూసుకోండి.